అర్దియాలో స్కాట్లాండ్ సింహాసనం

సైమన్ ఒకే ఒక్క గుక్క తాగాడు.

వెండి కప్పు కింద పడి సొట్టపోతుందేమోనని ఇద్దరు పరుగెత్తుకొచ్చి దాన్ని పట్టుకున్నారు. సైమన్‌ని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. అతను కార్పెట్ మీద పడి రెండుసార్లు కాళ్లు కొట్టుకున్నాడు. కింది పెదవి నేరేడుపళ్లు తిన్నట్టు నల్లబడింది.

"పాపం, గుండె," అన్నాడు ఎత్తు కుర్చీలో కూర్చున్న ఎర్రమీసాల మనిషి. "ఈ దేశపు ఎండ అందరికీ పడదు." ఆ తర్వాత భోజనం వడ్డించమన్నాడు. సిగ్గులేని జన్మ!

అది 2005 జూన్. కువైట్‌లో అర్దియా ప్రాంతం. ఆ విల్లాలో డ్రైవరుగా చేరిన సైమన్ నిజానికి భారత గూఢచారి శాఖ మనిషి. ఆ సంగతి విల్లావాళ్లు పసిగట్టేశారు. డాక్టరెవరో గుండెపోటు అనే రాసేశాడు. పక్క పేట రిగ్గైలో సైమన్ గదికి మర్నాడే వేరే మనిషి అద్దెకు దిగాడు.

ఆ వారంలోనే కువైట్ సిటీ పాత సూక్ బజారులో, ఖర్జూరాల కొట్ల వెనకున్న చాయ్ హోటల్లో, ఇంకో మనిషి వచ్చి కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మాసిన చొక్కా, రబ్బరు చెప్పులు. ఎదురుగా బట్టతల పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు.

"ఇక్కడ గోంగూర దొరుకుతుందా?" అన్నాడు బట్టతల.

"దొరుకుతుంది. పులుపే ఉండదు."

ఇది కోడ్ వర్డ్. ఢిల్లీలో ముగ్గురు అధికారులు కూర్చుని తయారుచేశారట. కువైట్‌లో ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా ముందు మాట్లాడుకునేది అదే అన్న సంగతి ఆ మహానుభావులకు తట్టలేదు.

చొక్కా మాసినవాడు ఏజెంట్ మునీంద్ర, రాయచోటి మనిషి. బట్టతల ఆయన అతని పై అధికారి సంజీవరావు. పైకి ఏదో కల్చరల్ సెక్షన్ ఉద్యోగం చేస్తున్నట్టు ఉంటాడు.

"సైమన్ స్థానంలో నువ్వు వెళ్తున్నావయ్యా," అన్నాడు సంజీవరావు. "డ్రైవరుగా. నీ యజమాని స్కాట్లాండ్ రాజు."

"ఎవరు?"

"విను మరి. ఏడువందల ఏళ్ల కిందటి మాట. స్కాట్లాండ్ రాజు గుర్రం మీంచి పడి చచ్చాడు. వారసురాలు పసిపిల్ల. ఆ పిల్లా ఓడలో వస్తూ దారిలోనే పోయింది. సింహాసనం నాదంటే నాదని పదమూడుమంది ఎగబడ్డారు."

"మా ఊళ్లో సర్పంచి పదవిక్కూడా అంతమంది వస్తారు సార్."

"పక్కనే ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్. మీరు కొట్టుకోకండి, తీర్పు నేను చెప్తానన్నాడు. చెప్పేముందు నువ్వే మా పై దొరవని వాళ్లందరిచేతా ఒప్పించుకున్నాడు. బాలియల్ అనేవాణ్ణి రాజుని చేశాడు. నాలుగేళ్లు తిరక్కుండా వాడి అంగీ మీది రాచగుర్తులు పీకించి జైల్లో కూర్చోబెట్టాడు. ఆ బాలియల్ మేనల్లుడు జాన్ కమిన్. కమిన్లంటే అప్పట్లో ఆ దేశంలో అందరికన్నా బలమైన కుటుంబం. అవతలి పక్షం రాబర్ట్ బ్రూస్. ఇద్దరూ మాట్లాడుకుందామని చర్చిలో కలిశారు. బ్రూస్ అక్కడే పొడిచేశాడు."

"చర్చిలోనా?"

"బలిపీఠం ముందు. చచ్చాడో లేదోనని అనుమానమొస్తే బ్రూస్ మనిషి ఒకడు మళ్లీ లోపలికెళ్లి ఖాయం చేసొచ్చాడని చెప్తారు. కొద్ది వారాల్లోనే బ్రూస్ నెత్తిన కిరీటం."

"మంచి వంశాలు," అన్నాడు మునీంద్ర. "మనకేం సంబంధం సార్?"

సంజీవరావు రెండు ఫొటోలు తోశాడు. ఎర్రమీసాలవాడు హ్యూ కమిన్ అట, కమిన్ల వారసుడు. గుండ్రటి మొహంవాడు ఆంగస్ బ్రూస్ అట, బ్రూసుల వారసుడు. ఇద్దరూ కువైట్‌లోనే తేలారు. ఇద్దరిలో స్కాట్లాండ్ సింహాసనం ఎవరిదని ఇంగ్లీషు క్లబ్బుల్లో తగువు. ఎవరి పక్షాన చేరితే వాళ్లు బిరుదులిస్తారట. ఆశకు అంతులేని ఇంజనీర్లు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు ఎగబడి చేరారు.

"వాళ్లలో మనవాడొకడున్నాడు. డాక్టర్ బాలసుబ్బయ్య. మన తీరం రాడార్ల ఇంజనీరు. ఇక్కడికి డెప్యుటేషన్ మీద వచ్చాడు. లార్డ్ ఆఫ్ బాడెనాక్ చేస్తామన్నారు. అది పాత కమిన్ల జాగీరు పేరు. అంతే, విందు భోజనాల్లో రాడార్ల గుట్టంతా కక్కేశాడు."

"డబ్బుకి కాదా సార్?"

"లార్డు అనిపించుకోవడానికయ్యా!" సంజీవరావు ఛీ అన్నట్టు మొహం పెట్టాడు. "అతగాడు చెప్పినవన్నీ మార్చేసుకున్నాం. కానీ ఆ గుట్టు ఎవరికి అమ్మారో బాలసుబ్బయ్యకి తెలుసు, విందుల్లో వాళ్లని చూశాడు. అందుకే అతన్ని లేపేస్తారు. ప్రాణంతో నాక్కావాలి."

తర్వాత పరికరాలు ఇచ్చాడు. పెన్ను కెమెరా. విషం వాసన పడితే మోగే వాచీ. నొక్కితే సిగ్నల్ వెళ్లే బొత్తాం.

"వాచీ నలభై అయిదు డిగ్రీలు దాటితే పనిచేయదు," అన్నాడు సంజీవరావు, వేరేవైపు చూస్తూ.

"సార్, ఇది కువైట్."

"ఢిల్లీకి రాశాం."

*

స్కాట్లాండ్ సింహాసనం అర్దియా గ్యారేజీల దగ్గరున్న వడ్రంగి షాపులో తయారైంది. చేసినవాడు పెళ్లి స్టేజీల కుర్చీలు చేసేవాడు. అందుకే సింహాల పక్కన రెండు నెమళ్లు కూడా చెక్కి పడేశాడు. ఆ నెమళ్ల మధ్య హ్యూ కమిన్ పొద్దున్నే గళ్ల పావడా కట్టుకుని కూర్చునేవాడు. స్కాట్లాండ్‌లో మగవాళ్లు కట్టే బట్టే అది, కిల్ట్ అంటారు. కట్టుకునేవాడు కట్టుకుంటే బాగానే ఉంటుందేమో. వీడి మోకాళ్లు చూస్తే అన్నం సయించేది కాదు.

ఆ ఇంట్లో వంట చేసేది తిరుపాలమ్మ. లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. కువైట్ వచ్చి చాలా ఏళ్లయింది. కఫీల్, అంటే ఆమె వీసాకి పూచీ ఉన్న అరబ్బు యజమాని, ఆమెని ఈ విల్లాలో పనికి పెట్టాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది.

మునీంద్ర మొదటిరోజు వంటింటి గుమ్మంలోకి రాగానే మాట పట్టేసింది. "ఏ ఊరు నాయనా మీది? రాయచోటా! ఆ మాట ముందే సెప్పకూడదా? కూర్చో, సంగటి జేసినా."

"రాజుగారింట్లో సంగటా అక్కా?"

"వాడేం రాజు, నా బొంద! ఉప్పు ల్యాకుండా ఉడకబెట్టిన కోడి తింటాడు. ఆ ఇంకో ఆయప్ప, గుండు మొగమోడు, ఆంగసో ఏందో, పొద్దన్నే ఈడికే వస్తాడు. ఇద్దురూ ఒగే ప్లేటులో గుడ్లు తింటారు. మాపటికి మనుషులొస్తే నువ్వు దొంగ, నువ్వు దొంగని అరుసుకుంటారు. సూసి సూసి నా కండ్లు పోయినాయి."

మునీంద్ర చేతిలో ముద్ద ఆగిపోయింది. ఇద్దరు రాజులూ ఒకే ముఠా! తగువంతా నాటకం. ఏ పక్షాన చేరినా చేప ఒకే బుట్టలో పడుతుంది. ఛీ, ఏడువందల ఏళ్ల కిందట ఎడ్వర్డ్ కనీసం సైన్యం పెట్టుకుని మోసం చేశాడు. వీళ్లు గళ్ల బట్టతో సరిపెట్టారు.

రాజుగారి సెక్రెటరీ పేరు లేడీ సిల్వియా. ఎర్ర గౌను, ఎత్తు మడమలు, నల్ల కళ్లద్దాలు. తాను లిస్బన్‌లో పుట్టానని అతిథులకి చెప్పేది. ఆ అతిథుల్లో సగంమంది ఆమెని చూడటానికే వచ్చేవాళ్లు. మిగతా సగం అబద్ధమాడేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఆమెని బ్యాంకుకి తీసుకెళ్తుంటే వెనక సీట్లోంచి గొంతు వినిపించింది.

"గోంగూర దొరుకుతుందాండీ ఇక్కడ?"

మునీంద్ర బ్రేకు తొక్కినంత పనిచేశాడు. "పులుపే ఉండదు."

"సంజీవరావుగారు నా గురించి చెప్పలేదాండీ? ఆయనంతే. మాది నర్సాపురం. లిస్బన్ నేనెప్పుడూ చూళ్లేదు. వీళ్ల దగ్గర జీతం తీసుకుంటాను, మీవాళ్లకి కబుర్లు చెప్తాను. రెండువైపులా నన్ను నమ్మరనుకోండి."

"నమ్మమంటావా?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "సైమన్ మా చర్చివాడండీ. ఇద్దరం ఒకే క్వయర్‌లో పాడాం. వాడి నోటి దగ్గర ఆ కప్పు పెట్టినప్పుడు నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. వారించలేకపోయాను." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తర్వాత చకచకా చెప్పేసింది.

శుక్రవారం పట్టాభిషేకం. బాలసుబ్బయ్యకి లార్డు పదవి. పాతకాలం పద్ధతిలో రెండు చెవుల వెండి కప్పులోంచి రాజు ముందు తాగుతాడు, తర్వాత కప్పు లార్డుకి అందిస్తాడు. పానీయం మంచిదే. విషం లేపనంలా ఉంటుంది. అవతలి అంచుకి బయటివైపు, తాగేవాడి కింది పెదవి ఆనే చోట పూస్తారు. పూసేది హ్యూ చేతులతోనే. పూశాక కప్పుని కళ్లముందునుంచి కదలనివ్వడు.

"మళ్లీ గుండెపోటంటే నమ్మరు కదా?"

"నమ్మరండీ. అందుకే దోషిని తయారుచేశారు. ఖాళీ విషం సీసా ఒకటి తిరుపాలమ్మగారి పెట్టెలో బట్టల కింద పెట్టారు. కప్పు కడిగి తెచ్చేది ఆవిడే. కప్పు మీద వేలిముద్రలు ఆవిడవే. పాపం, ఆవిడకి ఏమీ తెలీదు. ఇక్కడ హత్యకి ఉరి వేస్తారండీ."

"ఆ సీసా తీసెయ్."

"తీశాను. సాయంత్రానికి ఇంకోటి పెట్టారు. రోజూ చూస్తున్నారు."

సంజీవరావుకి ఫోన్ చేస్తే ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడు పోలీసుల్ని పంపితే ఆ సీసా ఆవిడ పెట్టెలోనే దొరుకుతుంది, రాజులు చేతులు దులిపేసుకుంటారు. విషం పూశాక, బాలసుబ్బయ్య తాగకముందు, కప్పు వాళ్ల చేతుల్లో ఉండగా పట్టుకోవాలి. ఇక్కడి పోలీసు కెప్టెన్ ఒకడు ఒప్పుకున్నాడు. నువ్వు బొత్తాం నొక్కగానే వస్తాం. అయినా మునీంద్రా, మన పని బాలసుబ్బయ్య. వంటావిడ మన ఫైల్లో లేదు."

"ఫైల్లో లేనివాళ్లకి మెడలుండవా సార్?" అని మునీంద్ర ఫోన్ పెట్టేశాడు. ఒళ్లు మండిపోయింది.

*

మునీంద్ర ముందు దగ్గరిదారి ప్రయత్నించాడు. గురువారం బాలసుబ్బయ్యని ఇంటిదగ్గర దింపుతూ, కారు ఆపి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రాజు దొంగ, తగువు దొంగది, కప్పు అంచుకి విషం.

బాలసుబ్బయ్య ఒళ్లో కొత్త పావడా ప్యాకెట్ ఉంది. దాన్ని నిమురుతూ విన్నాడు. పొట్టి మనిషి, జుట్టుకి రంగు, వేలికి పులి బొమ్మ ఉంగరం.

"ఎంతిచ్చారోయ్ నీకు ఆ బ్రూస్ పార్టీవాళ్లు?" అన్నాడు.

"సార్, నేను చెప్పేది—"

"నేను ముప్పై ఏళ్లు రాడార్లకి సేవచేస్తే డిపార్ట్‌మెంట్ నాకేమిచ్చింది? ఒక శాలువా. అదీ ముందురోజు వేరేవాడికి కప్పింది. ఇక్కడ నన్ను లార్డంటున్నారు. డ్రైవరు గాడివి, నీకు కడుపు మంట." తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. అంతటితో ఊరుకున్నాడా! రాజుగారికి ఫోన్ చేసి, మీ డ్రైవరుకి పిచ్చెక్కింది, మీమీద అవాకులు పేలుతున్నాడని చెప్పాడు.

మునీంద్ర ఉద్యోగం ఆ సాయంత్రమే ఖలాస్. సామాను తీసుకునే వంకతో వెనక గేటు దగ్గర తిరుపాలమ్మని కలిసి, వెంటనే ఎంబసీకి వచ్చేయమని బతిమాలాడు. విషయమంతా చెప్పాడు.

ఆమె మొహం పాలిపోయింది. కాసేపు కొంగుతో నోరు నొక్కుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"యాడికి పోయేది నాయనా? గేటు దాటితే పారిపోయినాదని కేసు బెడతారు. సీసా నా పెట్టిలో దొరికె, నేను పారిపోతి. ఇంగ నేనే సంపినానని రాసిచ్చినట్టే గదా? నేనేం తప్పు జెయ్యలా. ఈన్నే ఉంటా." గేటు మూయబోతూ, "నువ్వొస్తావా రేపు?" అంది.

"వస్తా అక్కా."

"రా నాయనా. నాకు శానా బయంగా ఉండాది."

*

శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయిపోయి రోడ్లు నిర్మానుష్యంగా ఉన్నాయి. పట్టాభిషేకానికి బ్యాగ్‌పైప్‌లనే స్కాట్లాండ్ తోలుసంచి వాద్యాలు ఊదడానికి, అవి తయారయ్యే సియాల్‌కోట్ ఊరివాళ్లని నలుగురిని పిలిపించారు. అందులో రహీమ్ అనేవాడికి పొద్దున్నే జ్వరం తగిలింది. ఎలా తగిలిందో సంజీవరావునే అడగాలి. రహీమ్ స్థానంలో గుబురుగడ్డంతో, గళ్ల పావడాతో, చంకలో తోలుసంచితో మునీంద్ర దిగాడు. మిగతా ముగ్గురూ బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నారు. ఇతను ఉబ్బించడం వరకే చేశాడు. ఆ గోలలో ఎవరు పట్టించుకుంటారు?

హాలు నిండా పావడాలే. పళ్ల డాక్టరొకడు, సిమెంటు కాంట్రాక్టరొకడు, ఇన్సూరెన్సువాడొకడు. ఒక్కొక్కడూ తన ఛాతీ మీది బిళ్లని తానే చూసి మురిసిపోతున్నాడు. నెమళ్ల సింహాసనం మీద హ్యూ కమిన్. పక్కన పగ మాని సాక్షిగా వచ్చినట్టు నటిస్తూ ఆంగస్ బ్రూస్. తలుపుల దగ్గర నలుగురు బాడీగార్డులు. రాజుగారి వెనక ఎర్ర గౌనులో సిల్వియా. ఒక మూల ట్రే పట్టుకుని తిరుపాలమ్మ. కళ్లు బ్యాండువాళ్ల గడ్డాల్లో మునీంద్రని వెతుకుతున్నాయి.

"ఏడువందల ఏళ్ల కిందట బ్రూసులు మా తాతని చర్చిలో పొడిచారు," అన్నాడు హ్యూ గద్గదంగా. కళ్లు తుడుచుకున్నాడు కూడా, వెధవ. "ఈరోజు ఈ కప్పుతో ఆ పగ ముగుస్తుంది. ముందుకు రా, బాలసుబ్బయ్యా."

బాలసుబ్బయ్య వచ్చి మోకాళ్లమీద కూర్చున్నాడు. పావడా పిన్ను ఊడితే ఎడమచేత్తో పట్టుకున్నాడు. హ్యూ కత్తి తీసి అతని భుజాన్ని తాకి, "లేవండి, లార్డ్ ఆఫ్ బాడెనాక్!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి. ఆ ఒక్క మాటకి దేశపు తీరమంతా అమ్ముకున్న పెద్దమనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సింహాసనం పక్క చిన్నబల్ల మీద వెండి కప్పు. కువైట్‌లో మద్యం నిషేధం కాబట్టి స్కాట్లాండ్ రాజరికమంతా దానిమ్మ షర్బత్‌తో సర్దుకుంది. హ్యూ కప్పు మీదికి వంగి, చేతిరుమాలుతో అంచు తుడిచినట్టు చేశాడు. మునీంద్ర చూశాడు. తుడవడం కాదది, పూయడం. విషం పసిగట్టాల్సిన వాచీ మోగలేదు, దారిలో ఎండకే ఆగిపోయింది.

బొత్తాం నొక్కాడు. సంచిలోపల చిన్న ఎర్రదీపం వెలగాలి. వెలగలేదు. మళ్లీ నొక్కాడు. గట్టిగా నొక్కాడు. గోడల వల్లో, వేడి వల్లో, ఢిల్లీ వల్లో, బొత్తాం చచ్చిపోయింది. వీధి చివర కెప్టెన్ పక్కన కూర్చున్న సంజీవరావుకి ఏమీ అందదు.

హ్యూ కప్పు రెండు చేతులతో ఎత్తి తనవైపు అంచునుంచి తాగాడు. ఎర్రమీసాలు షర్బత్‌లో మునిగి, చుక్కలు కారుతూ బయటికొచ్చాయి. కప్పుని అలాగే ముందుకి చాపాడు. బాలసుబ్బయ్య కప్పు రెండు చెవులూ పట్టుకున్నాడు. పిన్నులేని పావడా మోచేత్తో అదిమిపెట్టుకున్నాడు. విషం అంచు సరిగ్గా అతని నోటికెదురుగా ఉంది.

మునీంద్రకీ అతనికీ మధ్య ముప్పై మంది పావడాలవాళ్లు. దూకినా చేరలేడు. అరిచి విషమని చెప్పినా వాడు నమ్మడు, నిన్ననే నమ్మలేదు. కప్పు గడ్డం దాకా వచ్చింది. మూల నుంచి తిరుపాలమ్మ తనవైపే చూస్తోంది.

అప్పుడు మునీంద్ర నోట్లోంచి ఆలోచన లేకుండానే, పచ్చి కడప తెలుగులో, కేక వచ్చింది.

"సుబ్బన్నా! అది వాని ఎంగిలి!"

సంగీతం ఆగిపోయింది. అదేదో సియాల్‌కోట్ దీవెన కాబోలని అతిథులు చప్పట్లు కొట్టారు. ట్రే పట్టుకున్న తిరుపాలమ్మ భయం మర్చిపోయి, అసహ్యం పట్టలేక, మూల నుంచి అందుకుంది.

"అవు సామీ! నేనూ సూస్తి. మీసాలు బుడుక్కున ముంచినాడు, థూ!"

బాలసుబ్బయ్య చేతులు ఆగిపోయాయి.

లార్డు అయితే అయ్యాడు గానీ ఆయన పుట్టింది ప్రొద్దుటూరులో. ఆ ఇంట్లో నీళ్ల చెంబుకి పెదవి తగిలిందంటే తల్లి ఆ చెంబుని చింతపండుతో తోమించి, పిల్లవాణ్ణి కూడా తోమినంత పనిచేసేది. దేశాన్ని అమ్మేటప్పుడు రాని సంకోచం ఇప్పుడొచ్చింది. ఆయన కప్పులోకి చూశాడు. ఒక ఎర్ర వెంట్రుక తేలుతోంది. హ్యూ మీసాలు చూశాడు.

వద్దంటే లార్డు పదవి పోతుంది. తాగితే ఎంగిలి.

ముఠావాళ్లు ఎంత లెక్క వేశారో! రాడార్లు లెక్కవేశారు, విషం మోతాదు లెక్కవేశారు, ఎవరి మెడకి ఉరి తగిలించాలో లెక్కవేశారు. ఈ మనిషి తన జన్మలో ఇంకొకళ్ల నోరు తగిలిన పాత్రకి మూతి ఆనించడని వాళ్లకెవరు చెప్తారు?

బాలసుబ్బయ్య తల వెనక్కి వాల్చాడు. కప్పుని జానెడు పైకెత్తాడు. నోరు తెరిచాడు.

ఎత్తి పోసుకోవడం మొదలుపెట్టాడు!

మునీంద్ర కూడా ఇది లెక్కవేయలేదు. వద్దంటాడనుకున్నాడు గానీ వీడు పోసుకుంటున్నాడేమిటి! విషం అంచు కిందనే ఉంది. చేయి కాస్త వణికి, ధార ఆ అంచుని పట్టుకుని జారిందో, ఖలాస్. ధార ఎర్రగా, తాడులా, అంచుకి దూరంగా దిగుతోంది. గుటక. ఇంకో గుటక. మోచేతి కింద పావడా జారుతోంది. ఆయన మోచేయి కదిపాడు, ధార సన్నబడింది. తిరుపాలమ్మ కళ్లు మూసుకుంది.

ధార ఆగింది. ఒక్క చుక్క కూడా అంచు కిందికి కారలేదు. బాలసుబ్బయ్య కప్పు బల్లమీద పెట్టి, చిన్నగా త్రేన్చి, "థ్యాంక్యూ, యువర్ మెజెస్టీ," అన్నాడు.

హ్యూ అతను పడతాడని చూస్తున్నాడు. ఆంగస్ కూడా చూస్తున్నాడు. వీడు పడడే! నిలబడి పావడా సర్దుకుంటున్నాడు. హ్యూ మొహంలో రంగులు మారాయి. అప్పుడు సిల్వియా రాజుగారి చెవిదగ్గరికి వంగి, మెల్లగా, ముద్దుగా ఒక్క మాట వేసింది. "పొద్దున ఆ లేపనం డబ్బా ఆంగస్ గారి చేతిలో చూశానండీ. మార్చేశారేమో."

అంతే. దొంగకి దొంగమీద నమ్మకం ఎంతసేపు?

"నువ్వు మార్చావా?" హ్యూ గిర్రున తిరిగాడు.

"నేనా? నువ్వే వాడితో బేరం కుదుర్చుకుని ఉంటావు!"

"అలాగైతే తాగు! ఆ అంచునుంచి తాగు!" హ్యూ కప్పు లాక్కుని ఆంగస్ మొహానికేసి తోశాడు.

"నువ్వు తాగు!"

"నువ్వు తాగు!"

స్కాట్లాండ్ సింహాసనానికి వారసులమని చెప్పుకున్నవాళ్లిద్దరూ ఒక షర్బత్ కప్పుకోసం నెమళ్ల కుర్చీ ముందు జుట్లు పట్టుకున్నారు. కమిన్లకీ బ్రూసులకీ ఉన్న పగ నిజంగా ఎలా ఉండేదో గానీ, వాళ్లు చూస్తే సిగ్గుతో మళ్లీ చచ్చేవాళ్లు. బాడీగార్డులు ఏ రాజుని కాపాడాలో తెలీక నలుగురూ మధ్యలో దూరారు. తలుపుల దగ్గర ఎవరూ మిగల్లేదు. సిల్వియా మడమల చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తి తలుపులు బార్లా తెరిచి, వీధిలోకి ఒక్క అరుపు అరిచింది. వీధి చివరనుంచి బూట్ల చప్పుడు మొదలైంది.

కెప్టెన్ తన మనుషులతో హాల్లో అడుగుపెట్టేసరికి, ఆంగస్ ఊపిన కప్పు అంచు హ్యూ మీసానికి రాసుకుంది. రాజుగారు పెట్టిన కేక విల్లా అంతా వినబడింది.

"విషం! నా మీసానికి విషం! విరుగుడు నా డ్రాయర్లో ఉంది! తాళం నా మెళ్లో ఉంది, తియ్యండి! త్వరగా!"

మునీంద్ర వెళ్లి, మెడలోని తాళం తీసి కెప్టెన్ చేతిలో పెట్టాడు. డ్రాయర్లో విరుగుడు సీసా ఉంది. దానిపక్కనే లేపనం డబ్బా, దాన్ని పూసే కుంచె, తిరుపాలమ్మ పెట్టెలో పెట్టినటువంటివే ఇంకో మూడు ఖాళీ సీసాలు. కెప్టెన్ వాటిని చూశాడు, తిరుపాలమ్మని చూశాడు, విరుగుడు సీసా అందుకోవడానికి నేలమీద పాకుతున్న రాజుని చూశాడు. ఆయనకి ఎవరూ ఏమీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. రాజు బతికాడు. అలాంటివాళ్లు బతుకుతారు.

*

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. సిల్వియా టాక్సీ ఎక్కబోతూ ఆగింది. "నర్సాపురంలో సైమన్ వాళ్లమ్మకి నేనే చెప్తానండీ. మీవాళ్లు చెప్తే ఫైలు చదివినట్టు చెప్తారు." మునీంద్ర జవాబు చెప్పేలోగా టాక్సీ కదిలింది.

తిరుపాలమ్మ విల్లా గోడనీడలో చతికిలబడింది. కఫీల్‌ని పోలీసులే పిలిపించారు. పాస్‌పోర్టు ఆమె చేతికొచ్చింది. రెండు చేతులతో దాన్ని గుండెకి అదుముకుని, వచ్చే ఏడుపుని ఆపుకోకుండా, హోరున ఏడ్చింది. మునీంద్ర పక్కన కూర్చున్నాడు. గడ్డం సగం ఊడిపోయి వేలాడుతోంది. అతనికీ కళ్లు చెమ్మగిల్లాయి. పదేళ్ల ఉద్యోగంలో ఫైల్లో లేని మనిషిని కాపాడటం అతనికి ఇదే మొదటిసారి, అతని సంతోషం దాచుకున్నా దాగేది కాదు.

సంజీవరావు బాలసుబ్బయ్యని రెక్కపట్టుకుని కారు దగ్గరికి నడిపిస్తున్నాడు. ఢిల్లీలో ఆయన కోసం ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి, జైలు కూడా సిద్ధంగానే ఉంది. పావడాని రెండు చేతులతో పట్టుకుని నడుస్తున్న పెద్దమనిషి తిరుపాలమ్మ ముందుకి రాగానే ఆగాడు. కృతజ్ఞత చెప్తాడేమో, క్షమించమంటాడేమో అని మునీంద్ర లేచి నిలబడ్డాడు.

"ఇందాక అందరూ విన్నారు కదా," అన్నాడు బాలసుబ్బయ్య గొంతు సవరించుకుని. "కత్తితో తాకాడు, పేరు పిలిచాడు. కప్పు కూడా పూర్తిచేశాను. ఆ రాజు దొంగే కావచ్చు. న్యాయంగా చూస్తే నేను లార్డు అయినట్టా, కానట్టా?"

తిరుపాలమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, ఆయన్ని కాళ్లనుంచి తలదాకా ఒకసారి చూసింది.

"ముందు ప్యాంటు ఏసుకోపో సామీ," అంది.

ప్యాంటు విల్లా లోపలే ఉండిపోయింది. తలుపుకి అప్పటికే పోలీసులు సీలు వేసేశారు.